పల్నాడులో సైకిలు మార్గాలు

పల్నాడులో సైకిలు మార్గాలు అనగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని పల్నాడు జిల్లాలో, కృష్ణా నదికి కుడివైపున ఉన్న కొండలు, వాగులు, మెట్టభూముల గుండా సాగే, సైకిలు ప్రయాణానికి ఉపయోగపడే రహదారులు. మాచర్ల, గురజాల, కారంపూడి, దాచేపల్లి, పిడుగురాళ్ళ, నరసరావుపేట పట్టణాలు ఈ మార్గాలలో ముఖ్యమైన మజిలీలు. ఇక్కడి కొండలు చాలా ఎత్తైనవి కావు. కాని ఎండ తీవ్రత, తాగునీటి కొరత, సున్నపురాయి, సిమెంటు లారీల రాకపోకలు, పడమటి అంచున ఉన్న నల్లమల అడవి కారణంగా ఈ ప్రాంతంలో సైకిలు ప్రయాణానికి ముందస్తు ఏర్పాటు అవసరం. పల్నాడులో దారి కష్టాన్ని దూరంతోను, కొండ ఎత్తుతోను మాత్రమే కొలవడానికి వీలులేదు. ఏ నెలలో, ఏ వేళకు, ఎంత నీటితో బయలుదేరుతున్నారన్నది అంతకంటే ముఖ్యమైన విషయం.

భౌగోళిక స్వరూపం

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడివడి ఏర్పడినది. దీని ముఖ్యపట్టణం నరసరావుపేట. అయితే చారిత్రకంగా పల్నాడు అన్న పేరు ప్రధానంగా మాచర్ల, గురజాల పరిసర ప్రాంతానికే చెందినది. పల్లవుల ఏలుబడి వలన "పల్లవనాడు" అన్న పేరు ఏర్పడి, అది క్రమంగా పల్నాడు అయినదని ఒక అభిప్రాయం కలదు.

జిల్లాకు ఉత్తరపు హద్దుగా కృష్ణా నది ప్రవహిస్తున్నది. నదికి ఆవలి ఒడ్డున తెలంగాణకు చెందిన నల్గొండ, సూర్యాపేట జిల్లాలు ఉన్నవి. కృష్ణ ఈ భాగంలో డెల్టాలో వలె మైదానం మీద విశాలంగా పారదు. రాతి గట్ల నడుమ, చాలాచోట్ల లోతైన లోయలో సాగుతుంది. అందుచేత ప్రధాన రహదారులు నది వెంట కాక, నదికి దూరంగా ఉన్న మిట్టల మీద వేయబడినవి. నదిని చూడాలంటే ప్రధాన మార్గం వదలి పక్కదారి పట్టవలసి ఉంటుంది. నదిలోయలో ప్రయాణమని బయలుదేరినవారికి రోజులో ఎక్కువ భాగం నది కనిపించకపోవడానికి కారణం ఇదే.

చంద్రవంక, నాగులేరు ఇక్కడి ముఖ్యమైన ఉపనదులు. చంద్రవంక మాచర్ల మీదుగా, నాగులేరు కారంపూడి, దాచేపల్లి మీదుగా సాగి కృష్ణలో కలుస్తాయి. వినుకొండ వైపున ఉన్న గుండ్లకమ్మ మాత్రం నల్లమలలో పుట్టి కృష్ణలో కలవక, ప్రకాశం జిల్లా గుండా బంగాళాఖాతం చేరుతుంది. తూర్పు నుండి పడమరకు వెళ్ళే దారులు ఈ వాగులను అడ్డంగా దాటవలసి ఉన్నందున దారి పొడవునా చిన్న చిన్న దిగుడులు, వెంటనే ఎగుడులు వస్తుంటాయి.

భూగర్భ శాస్త్రం ప్రకారం ఈ ప్రాంతం కడప హరివాణంలో ఈశాన్య భాగానికి చెందినది. సున్నపురాయి, పలకరాయి, క్వార్ట్‌జైటు ఇక్కడి ముఖ్యమైన శిలలు. ఇళ్ళలో పరిచే నాపరాయి, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల సిమెంటు కర్మాగారాలు ఈ శిలల మీద ఆధారపడినవే.

దారుల చరిత్ర

12వ శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధానికి సంబంధించిన మూడు ముఖ్య స్థలాలు ఇప్పటి రోడ్లమీదనే ఉన్నవి. నలగామరాజు పాలించిన గురజాల, మలిదేవరాజు పక్షాన బ్రహ్మనాయుడు నిలిచిన మాచర్ల, యుద్ధం జరిగిన కారంపూడి ఆ స్థలాలు. నాగులేటి ఒడ్డున ఉన్న కారంపూడిలో వీరుల గుడి కలదు. ఇక్కడ ఏటా కార్తీక అమావాస్య నుండి వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి.

బ్రిటీషు పాలనా కాలంలో గుంటూరు నుండి మాచర్లకు మీటరు గేజి రైలుమార్గం నిర్మించబడినది. తరువాతి కాలంలో దానిని బ్రాడ్ గేజిగా మార్చారు. ఈ మార్గంలో పిడుగురాళ్ళ, నడికుడి, గురజాల, రెంటచింతల, మాచర్ల స్టేషనులు ఉన్నవి.

ఈ ప్రాంతపు రోడ్లను, బ్రతుకును ఎక్కువగా మార్చినది నాగార్జున సాగర్ ఆనకట్ట. 1955 డిసెంబరు 10న అప్పటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన చేశారు. 1967లో ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. 203 కి.మీ. పొడవైన కుడికాలువకు జవహర్ కాలువ అని పేరు. ఈ కాలువ పల్నాడు గుండా సాగి ప్రకాశం జిల్లా వరకు నీరందిస్తుంది. అంతకుముందు జొన్న, సజ్జ వంటి మెట్టపంటలకు ప్రసిద్ధమైన నేలలో వరి, మిరప, ప్రత్తి విస్తరించినవి. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటుపద్యాలలో పల్నాటి జొన్నకూడు, నీటి ఎద్దడి హాస్యానికి గురైనవి. కాలువ రాకతో ఆ ఎద్దడి కొంత తీరినది గాని, కాలువకు ఎగువన ఉన్న గ్రామాలకు తీరలేదు.

ఆనకట్ట కట్టడం వలన నాగార్జునకొండ లోయ నీట మునిగినది. క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధాని అయిన విజయపురి ఆ లోయలోనే ఉండేది. 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకాలలో బయటపడిన శిల్పాలను, కట్టడాలను కొండపైకి (ఇప్పుడు అది ద్వీపం), అనుపు వద్దకు తరలించారు. దిగువన 2013లో ప్రారంభమైన పులిచింతల ప్రాజెక్టు (డా. కె.ఎల్.రావు సాగర్) వలన కూడా నది ఒడ్డున ఉన్న పలు గ్రామాలు ముంపునకు గురైనవి. కనుక పాత పటాలలో నది వరకు కనిపించే కొన్ని దారులు ఇప్పుడు జలాశయం అంచున ఆగిపోతాయి. సాగర్ జలాశయపు పూర్తి నీటిమట్టం 590 అడుగులు కాగా పులిచింతల మట్టం 175 అడుగులు.

ముఖ్యమైన మార్గాలు

మాచర్ల – ఎత్తిపోతల – నాగార్జున సాగర్

ఇది సుమారు 25 కి.మీ. మార్గం. నకిరేకల్ నుండి నల్గొండ, సాగర్, మాచర్ల, యర్రగొండపాలెం, మార్కాపురం మీదుగా పోయే 565వ జాతీయ రహదారిలో ఇది ఒక భాగం. మాచర్లలో చంద్రవంక ఒడ్డున చెన్నకేశవస్వామి ఆలయం ఉన్నది. సాగర్‌కు 11 కి.మీ. దూరంలో చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తునుండి దూకి ఎత్తిపోతల జలపాతం ఏర్పడినది. జలపాతపు మడుగులో మొసళ్ళు ఉన్నందున నీటిలోనికి దిగరాదు. దారి చివర విజయపురి సౌత్ నుండి నాగార్జునకొండకు లాంచీలు వెళ్తాయి. అనుపుకు వేరే దారి చీలుతుంది. నది దాటి తెలంగాణ వైపు వెళ్ళేవారు ఆనకట్టకు దిగువన ఉన్న వంతెన మీదుగా వెళ్ళవలెను. పల్నాడు మార్గాలలో చూడదగిన ప్రదేశాలు దగ్గర దగ్గరగా ఉన్నది ఇదే కావడం వలన మొదటిసారి వచ్చేవారికి అనుకూలమైనది.

మాచర్ల – రెంటచింతల – గురజాల – దాచేపల్లి – పొందుగల

ఈ దారి నదికి సమాంతరంగా, కాని నదికి దూరంగా సాగుతుంది. మాచర్ల నుండి గురజాల సుమారు 30 కి.మీ. దూరంలో ఉన్నది. పెద్ద కొండలు లేవు. తెరపి నేల కావడం వలన నీడ తక్కువ. నదిని చేరడానికి ఈ దారినుండి రెండు పక్కదారులు ఉన్నవి. ఒకటి సత్రశాల మల్లికార్జునస్వామి ఆలయానికి, రెండవది గురజాల మండలంలోని దైద అమరలింగేశ్వరస్వామి గుహాలయానికి వెళ్తుంది. సత్రశాల సమీపంలో సాగర్ టెయిల్‌పాండ్ ఆనకట్ట ఉన్నది. నది వైపు దిగిన దూరమంతా తిరిగి ఎక్కవలసి ఉంటుంది. కాబట్టి ఈ పక్కదారులను ఉదయాన్నే పూర్తిచేసుకొనడం మంచిది. పొందుగల వద్ద వంతెన దాటితే ఆవలి ఒడ్డున మూసీ, కృష్ణ కలిసే వాడపల్లి వస్తుంది.

కారంపూడి – దుర్గి – మాచర్ల

గురజాల, మాచర్ల, కారంపూడి ఊళ్ళను కలిపితే ఒక త్రికోణం ఏర్పడుతుంది. ఈ దారి దానికి దక్షిణపు భుజం. లారీల రద్దీ జాతీయ రహదారులకంటె తక్కువ. దుర్గి శిలా శిల్పాలకు ప్రసిద్ధి. దుర్గి రాతి చెక్కడాలకు భౌగోళిక గుర్తింపు లభించినది. దక్షిణాన ఉన్న కొండలు నల్లమల వరుసకు చెందినవి. అడవిలో పశువుల మేతపై విధించిన పన్నుకు వ్యతిరేకంగా 1921–22లో జరిగిన పుల్లరి ఉద్యమం ఈ అడవి అంచు గ్రామాలకు చెందినదే. దానికి నాయకత్వం వహించిన కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులలో మరణించారు. ఇప్పటికీ ఈ దారులలో ఉదయం, సాయంత్రం గొర్రెల మందలు, గేదెలు రోడ్డు దాటడం సాధారణం.

కోటప్పకొండ, కొండవీడు ఘాట్ రోడ్లు

పల్నాడు జిల్లాలో అసలైన కొండ ఎక్కుడు ఈ రెండు చోట్ల దొరుకుతుంది. నరసరావుపేటకు సుమారు 12 కి.మీ. దూరంలో ఉన్న కోటప్పకొండపై త్రికోటేశ్వరస్వామి ఆలయం కలదు. కాలినడకన వెళ్ళేవారికి మెట్లు, వాహనాలకు ఘాట్ రోడ్డు ఉన్నవి. మహాశివరాత్రి తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళనుండి ఎత్తైన ప్రభలు, లక్షలాది జనం వస్తారు. ఆ రోజులలో సైకిలుతో రావడం తగదు. యడ్లపాడు మండలంలోని కొండవీడు, రెడ్డిరాజుల రాజధాని. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని జయించారు. ఈ కొండపైకి కూడా ఘాట్ రోడ్డు కలదు.

బెల్లంకొండ – పులిచింతల – అచ్చంపేట – అమరావతి

ఇది జిల్లాకు ఈశాన్య భాగంలో నదికి చేరువగా సాగే దారి. 45.77 టి.ఎం.సి.ల సామర్థ్యం గల పులిచింతల జలాశయం, అచ్చంపేట మండలంలోని మాదిపాడు రేవు ఈ దారికి సమీపంలో ఉన్నవి. మాదిపాడుకు ఎదురుగా ఆవలి ఒడ్డున ముక్త్యాల ఉన్నది. దిగువకు వచ్చేకొద్దీ కొండలు తగ్గి నల్లరేగడి పొలాలు మొదలవుతాయి. అమరావతిలో అమరేశ్వరాలయం, ప్రాచీన బౌద్ధ స్తూపపు శిథిలాలు ఉన్నవి.

ఎగుడుదిగుళ్ళ లెక్క

రోడ్డు వాలును శాతాలలో చెప్తారు. 100 మీటర్లు ముందుకు పోయేసరికి 5 మీటర్ల ఎత్తు పెరిగితే అది 5 శాతం ఎగుడు. మనిషి, సైకిలు, సామాను కలిసి 80 కిలోలు ఉన్నప్పుడు అటువంటి ఎగుడును గంటకు 10 కి.మీ. వేగంతో ఎక్కడానికి, గాలి, టైర్ల నిరోధాలు కాక, సుమారు 110 వాట్ల శక్తి కావలెను. సామాను 10 కిలోలు పెరిగితే మరొక 14 వాట్లు కావలెను. అందుచేత ఘాట్ రోడ్లలో బరువు తగ్గించుకొనడం, చిన్న గేరు వాడడం ప్రయోజనకరం. కాని పల్నాడులో ఒకే పెద్ద ఎక్కుడు కాక, పదుల సంఖ్యలో చిన్న ఎక్కుడులు వస్తాయి. ప్రతి వాగు వద్ద దిగిన ఎత్తు తిరిగి ఎక్కవలసినదే. ఒక్కొక్కటి లెక్కలోకి రానంత చిన్నదైనా, సాయంత్రానికి అన్నీ కలిసి ఒక కొండ ఎక్కినంత శ్రమ అవుతుంది.

గాలి దిశను కూడా గమనించవలెను. నైరుతి ఋతుపవనాల కాలంలో గాలి పడమటి దిక్కునుండి వీస్తుంది. ఆ నెలలలో నరసరావుపేట నుండి మాచర్లకు వెళ్ళేవారికి ఎదురుగాలి, తిరిగి వచ్చేవారికి వెనుకగాలి లభిస్తుంది. కొండమలుపుల వద్ద చిప్స్, ఇసుక పేరుకొని ఉండవచ్చు గనుక దిగేటప్పుడు మలుపుకు ముందే బ్రేకు వేసి వేగం తగ్గించవలెను.

ఎండ, నీరు

రెంటచింతల వేసవిలో రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రదేశాలలో ఒకటి. ఏప్రిల్, మే నెలలలో రాతినేల పగలంతా వేడెక్కి, సాయంత్రం తరువాత కూడా ఆ వేడిని వదులుతూ ఉంటుంది. వడగాలులు వీచే రోజులలో పగటిపూట సైకిలు ప్రయాణం ప్రాణాపాయం. నవంబరు చివరి నుండి ఫిబ్రవరి మధ్య వరకు ఈ మార్గాలకు అనువైన కాలం. మిగిలిన నెలలలో తెల్లవారకముందే బయలుదేరి, ఎండ ముదరకముందే గమ్యం చేరవలెను.

ఎండలో సైకిలు తొక్కేవారికి గంటకు అర లీటరు నుండి ఒక లీటరు వరకు నీరు అవసరం అవుతుంది. చెమట ద్వారా ఉప్పు కూడా పోతుంది కనుక వట్టి నీటితో పాటు ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం, ఓ.ఆర్.ఎస్. ద్రావణం తీసుకొనవలెను. తల తిరగడం, వాంతి వచ్చినట్లు ఉండడం, చెమట ఆగిపోవడం, మాట తడబడడం వడదెబ్బ లక్షణాలు. అటువంటప్పుడు ప్రయాణం ఆపి, మనిషిని నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, 108 అంబులెన్సును పిలవవలెను.

కాలువలో నీరు కనిపించినంత మాత్రాన తాగునీరు ఉన్నట్లు కాదు. కాలువ నీరు నేరుగా తాగడానికి పనికిరాదు. కాలువ గట్లు లోపలివైపు నున్నగా, ఏటవాలుగా ఉండి, ప్రవాహం వేగంగా ఉండడం వలన నీటికోసం దిగినవారు తిరిగి పైకి రావడం కష్టం. వినుకొండ, బొల్లాపల్లి ప్రాంతాలలో భూగర్భజలాలలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్నందున బోరు నీటిపై ఆధారపడరాదు. ఈ ఎగువ మెట్ట ప్రాంతాలకు నీరందించడానికి ఉద్దేశించిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగినది. కొద్ది గంటల కోసం సైకిలు ప్రయాణికుడు సీసాలో నీరు లెక్కపెట్టుకొనే ఈ ఊళ్ళలో, అదే లెక్క అక్కడివారికి నిత్యజీవితం.

వర్షాకాలంలో పరిస్థితి భిన్నంగా ఉంటుంది. కొండలలో వాన పడితే ఇక్కడ చుక్క పడకున్నా వాగు పొంగవచ్చును. చప్టా మీద నీరు పారుతున్నప్పుడు, లోతు తక్కువగా కనిపించినా, సైకిలుతో దాటరాదు.

వాహనాల రద్దీ

అద్దంకి – నార్కెట్‌పల్లి రహదారి హైదరాబాదును కోస్తా జాతీయ రహదారితో కలిపే నాలుగు వరుసల మార్గం. దీని పొడవు సుమారు 212 కి.మీ. పిడుగురాళ్ళ, దాచేపల్లి ఈ దారిలోనే ఉన్నవి. రోడ్డు నున్నగా ఉన్నందున సైకిలుకు అనుకూలమని తోచవచ్చును. కాని భారీ లారీలు, రాత్రి బస్సులు వేగంగా తిరిగే ఈ దారికంటె లోపలి గ్రామీణ రోడ్లు క్షేమం. సున్నపురాయి, సిమెంటు రవాణా ఉన్న చోట్ల రోడ్డు అంచున పొడి, రాళ్ళ ముక్కలు పడి ఉంటాయి. చీకటిలో వెనుక ఎర్రదీపం, ముందు తెల్లదీపం, వెలుగు పడితే మెరిసే చొక్కా తప్పనిసరి అని భావించవలెను.

జనవరి నుండి మిరప కోతల కాలం. రోడ్డు పక్కన కల్లాలలో మిరపకాయలు ఆరబోస్తారు. ప్రత్తి, మిరప బస్తాలు ఎత్తుగా నింపిన ట్రాక్టర్లకు వెనుక వచ్చేవారు కనబడరు కనుక వాటిని దాటేటప్పుడు గంట మోగించి, ఎడం ఉంచి వెళ్ళవలెను. ఆరబోసిన పంట మీదుగా సైకిలు నడపరాదు.

డొంకలలో, కాలువ కట్టల మీద పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు టైర్లకు ప్రధాన శత్రువులు. సన్నని టైర్ల సైకిళ్ళు తారు రోడ్డుకే పరిమితం కావలెను. రెండు అదనపు ట్యూబులు, పంక్చరు సామాను, గాలిపంపు వెంట ఉంచుకొనవలెను. మండల కేంద్రాలలో పంక్చరు దుకాణాలు ఉన్నా, గేరు సైకిళ్ళకు వాడే ట్యూబులు దొరకడం అరుదు.

అటవీ మార్గాలు

మాచర్లకు పడమట, దక్షిణాన ఉన్న అడవి నల్లమలలో భాగం. ఇక్కడ నాగార్జునసాగర్ – శ్రీశైలం పులుల అభయారణ్యం ఉన్నది. మాచర్ల నుండి వెల్దుర్తి మండలంలోని సిరిగిరిపాడు మీదుగా యర్రగొండపాలెం వైపు పోయే దారి అడవి ప్రాంతాన్ని తాకుతుంది. చిరుతపులులు, ఎలుగుబంట్లు తిరిగే చోట్లు గనుక ఒంటరిగా, తెల్లవారుజామున గాని, మసక చీకటిలో గాని వెళ్ళరాదు. ఎండను తప్పించుకొనడానికి చీకటితో బయలుదేరాలన్న నియమం అడవి దారులకు వర్తించదు. అక్కడ పూర్తిగా తెల్లవారిన తరువాతనే బయలుదేరవలెను. కనుక అడవి మార్గాలకు శీతాకాలం తప్ప వేరే కాలం తగినది కాదు. అటవీశాఖ తనిఖీ కేంద్రాల వద్ద చెప్పే వేళలను పాటించవలెను.

స్థానిక జీవనంలో సైకిలు

పల్నాడులో సైకిలు విహార సాధనం కాకముందే పని సాధనం. పాల క్యాన్లు, గడ్డిమోపులు, మందు పిచికారీ డబ్బాలు సైకిళ్ళపైనే పొలానికి, ఊరికి చేరేవి. మోటారు సైకిళ్ళు పెరిగిన తరువాత పెద్దల వాడకం తగ్గినది. ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు ఇచ్చే "బడికొస్తా" పథకం 2010వ దశకంలో రాష్ట్రంలో అమలైనది. ఉన్నత పాఠశాల లేని ఊళ్ళనుండి పక్క ఊరికి వెళ్ళే విద్యార్థులకు సైకిలు ఇప్పటికీ అవసరమే. వారు వెళ్ళేదీ ఇవే రోడ్ల అంచున, ఇవే లారీల పక్కన. అందుచేత రోడ్డు అంచులను శుభ్రంగా, గుంతలు లేకుండా ఉంచడం దూరప్రాంతాల నుండి వచ్చే సైకిలు ప్రయాణికులకంటె ముందుగా ఈ పిల్లలకు మేలు చేస్తుంది.

చేరుకునే విధం

గుంటూరు నుండి నరసరావుపేట సుమారు 45 కి.మీ. దూరంలో ఉన్నది. గుంటూరు, నరసరావుపేట, వినుకొండలను 544డి జాతీయ రహదారి కలుపుతుంది. రైలులో వచ్చేవారు సైకిలును లగేజి వ్యాన్‌లో పార్శిలుగా వేసుకొని మాచర్ల లేదా నడికుడి చేరవచ్చును. మాచర్ల రైలుమార్గపు చివరి స్టేషను కనుక అక్కడ రైలు దిగి, మొదటి రోజు సాగర్ వైపు వెళ్ళి వచ్చి, మరుసటి రోజు గురజాల, దాచేపల్లి మీదుగా నడికుడి చేరి తిరుగు రైలు ఎక్కడం అనుకూలమైన ప్రణాళిక. భోజనానికి, బసకు మాచర్ల, విజయపురి సౌత్, పిడుగురాళ్ళ, నరసరావుపేటలలో సదుపాయాలు కలవు. మధ్యలోని గ్రామాలలో టీ దుకాణాలు ఉంటాయి గాని, మధ్యాహ్నం వేళ అవి మూసి ఉండవచ్చు గనుక తినుబండారాలు, నీరు వెంట ఉంచుకొనడం క్షేమం.